నాన్నగారి అరికాళ్ళు

నిప్పు కాలుతుందన్న సంగతిని ఎవరూ వాదించి నిరూపించనక్కర్లేదని ఆ రోజు వరకూ అనుకున్నాను.

నాన్నగారు శుభకార్యాలకు వంట చేస్తారు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆయన వృత్తి అదే. వేసవిలో కొత్తపేట దగ్గర ఒక ఇంట ఉపనయనం జరిగితే, పని ముగిశాక ఆయన్ని స్కూటీ మీద అమలాపురం తీసుకురావడానికి వెళ్ళాను. పెరట్లో గాడిపొయ్యి మీద పప్పు గుండిగ ఉడుకుతోంది. పొడవాటి గరిటెతో కలుపుతూ, పనసపొట్టు కూరలో ఆవ ఎప్పుడు కలపాలో రెండో వంటాయనకు చెబుతున్నారు. పొయ్యిలో కట్టె చిట్లి, ఉసిరికాయంత నిప్పుకణిక ఒకటి దొర్లి వచ్చింది. నాన్నగారు అడుగు పక్కకు జరిగి దాని మీద మడమ మోపారు. మోపి, అక్కడే నిలబడ్డారు.

మాట ఆగలేదు. గరిటె ఆగలేదు. కొబ్బరిపీచు కాలుతున్నట్టు వాసన వచ్చింది. అది పీచు వాసన కాదని తెలిశాక పరుగెత్తి భుజం పట్టుకుని లాగాను.

"ఏవిటే అమ్మలూ, పప్పు అడుగంటుతుంది" అన్నారు, చిరాగ్గా.

మడమ నల్లబడి ఉంది. ఆయన వంగి, మరెవరిదో కాలిని చూసినట్టు చూసి, "మసి" అని మళ్ళీ గరిటె అందుకున్నారు.

నాన్నగారికి చక్కెర జబ్బు ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒకటి వేసుకుంటారు. వేసుకుంటున్నారు కనుక జబ్బు తన పని తాను మానుకుని కూర్చుందని మేమంతా నమ్మాము. ప్రతి మాటకూ ఆధారం అడిగే నేను, ఆ నమ్మకానికి మాత్రం ఎన్నడూ ఆధారం అడగలేదు.

మర్నాడు అమలాపురంలోనే ఒక డాక్టరుగారి దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన పుండు కడిగి కట్టు కట్టాక, చిన్న పిడికి బిగించిన నైలాను దారం ఒకటి తీశారు. "కళ్ళు మూసుకోండి. పాదానికి ఇది తగిలినప్పుడల్లా చెప్పండి" అన్నారు. నాన్నగారు బుద్ధిగా కళ్ళు మూసుకున్నారు.

దారం బొటనవేలి కింద ఆనింది. "ఆయ్" అన్నారు నాన్నగారు, అవునండి అన్నట్టు. మడమ పక్కన ఆనింది. "ఆయ్." ఆ తరవాత డాక్టరుగారు దారాన్ని పాదానికి జానెడు దూరంలో, గాలిలో ఆపి ఊరుకున్నారు.

"ఆయ్" అన్నారు నాన్నగారు.

డాక్టరుగారు నా వైపు చూశారు. దారం కదల్లేదు. కాసేపాగి, అదే వినయంతో, అదే చిరునవ్వుతో, మళ్ళీ వినిపించింది: "ఆయ్."

మా సీమలో ఆ మాట ఎదుటివారిని ఎదురుచూడనివ్వకుండా అనే మాట. డాక్టరుగారు ఆగారు కాబట్టి, ఏదో ఒకటి అనకపోతే బాగుండదని అన్నారనుకున్నాను. అంటే ఆ పాదాలు బతికి ఉన్నాయని చెప్పడానికి ఇప్పుడు మా దగ్గర ఉన్న సాక్ష్యం ఆయన మర్యాద ఒక్కటే.

డాక్టరుగారు తరవాతి మాటలు నాతో చెప్పారు. "మీ నాన్నగారి కాళ్ళు ఇక కబురు పంపవమ్మా. రోజూ ఎవరో ఒకరు వెళ్ళి చూసి రావాలి. చూడకపోతే ముందు వేలు, ఆ తరవాత పాదం..." అని వాక్యం పూర్తి చేయకుండానే కాగితం మీద మందులు రాయడం మొదలుపెట్టారు.

చేయవలసినవన్నీ చిన్న పనులే. గోరువెచ్చని నీళ్ళతో కాళ్ళు కడుక్కోవాలి, నీటి వేడిని ముందుగా ఇంకొకరు చూడాలి. వేళ్ళ సందులు తుడిచి ఆరబెట్టుకోవాలి. ఇంట్లోనూ పనిలోనూ చెప్పులు వేసుకోవాలి. భోజనమయ్యాక కాసేపు నడవాలి. బూరెల పూర్ణం రుచి చూడడానికి గరిటెడు కాదు, వేలికొసకు అంటినంత చాలు. రోజుకొకసారి అరికాళ్ళు పరీక్షించాలి. వీటన్నిటినీ నేను ఒక చార్టు మీద రాశాను. కాలేజీ వక్తృత్వ పోటీలలో నేర్చుకున్న పద్ధతిలో ముందు ప్రతిపాదన, దాని కింద కారణాలు, ఆపైన రాగల ఆక్షేపణలు, వాటికి సమాధానాలు రాసి వంటింటి గోడకు అతికించాను. నాన్నగారు చేతులు వెనక్కి కట్టుకుని మొత్తం చదివారు.

"ఆయ్, అలాగేనండి జడ్జిగారూ" అన్నారు.

ఎదుటి పక్షం ఒప్పుకుంటే వాదం ముగిసినట్టేనని మూడేళ్ళు నేర్చుకున్నాను. ఇంట్లో మాత్రం రోజూ గెలుస్తున్నా ఏదీ మారలేదు. కొన్న చెప్పులు గుమ్మంలో కొన్నట్టే ఉన్నాయి. నడిచారా అంటే ఆయ్. కాళ్ళు చూసుకున్నారా అంటే ఆయ్. క్లాసులో కూర్చుంటే పాఠానికి అడ్డంగా ఆ మడమ వచ్చేది. రోడ్డు పక్కన ఎవరైనా చెత్త తగలబెడుతుంటే ఆ వాసనకు స్కూటీ ఆపి ఊపిరి కూడదీసుకోవలసి వచ్చేది.

అమ్మకు చూపు మందగించింది. కనుక చూడవలసింది నేనే. మొదటి రోజు పొద్దున్న ఆరింటికి వీధి అరుగు మీద ఆయన ముందు చతికిలబడ్డాను. ఆయన రెండు కాళ్ళూ పంచెలోకి ముడుచుకున్నారు.

"మీ అత్తయ్య ముందు, ఎవరి కాళ్ళూ ముట్టుకోనని ఉపన్యాసం ఇచ్చినదానివి. ఇప్పుడు పొద్దున్నే దేనికొచ్చేవు?"

నిజమే. డిగ్రీ రెండో ఏడాదిలో, వంగి చూపిస్తేనే గౌరవమనడం గౌరవాన్ని తక్కువ చేయడమని బంధువులందరి మధ్యా అన్నాను. ఇప్పటికీ అదే నా అభిప్రాయం. ఆ రోజు నాన్నగారు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తరవాత ఏ పండక్కీ నా ముందు కాలు చాపనూ లేదు.

"ఇది దణ్ణం కాదు నాన్నగారూ, తనిఖీ" అన్నాను.

ఆయన ఆలోచించారు. "తనిఖీ అయితే సరే" అని ఎడమ పాదం నా ఒళ్ళో పెట్టారు. ఇన్‌స్పెక్టరుగారికి కాఫీ ఇమ్మంటారా అని లోపలినుంచి అమ్మ అడిగింది.

అలా మొదలైంది. ఫోను లైటు వెలుగులో అయిదు నిమిషాల పని. ముందు మడమ, తరవాత అంచులు, చివరికి వేళ్ళ సందులు. ఒక్కొక్క సందు విడదీసే ముందు ఊపిరి బిగబట్టేదాన్ని, అక్కడ ఏదో నల్లగా నా కోసం కాచుకుని ఉన్నట్టు. ఏమీ లేదని తేలినా నిశ్చింత మధ్యాహ్నం దాకా కూడా నిలిచేది కాదు. అయితే నెలన్నరకు మడమ మానింది. తన కాళ్ళ దుమ్ము నా బట్టలకు అంటుతోందని మొహమాటపడి ఆయన చెప్పులు వేసుకోవడం మొదలుపెట్టారు. చెప్పులున్నాయి కాబట్టి సాయంత్రాలు కాలవగట్టు మీద నడిచారు. నా చార్టు సాధించలేని దాన్ని ఆయన మొహమాటం సాధించింది.

కార్తికమాసంలో ద్రాక్షారామంలో ఒక కుటుంబం మూడు రోజుల సంతర్పణకు ఆయన్ని పిలిచింది. నాకు సెమిస్టరు పరీక్షలు, వెంట వెళ్ళడం కుదరదు. రోజూ పొద్దున్న రెండో వంటాయన అరికాళ్ళ ఫొటో తీసి పంపేలా ఒప్పందం చేసుకున్నాము. మొదటి రోజు ఫొటో వచ్చింది. మడమ మీద పాత మచ్చ, ఎడమ బొటనవేలి మీద వంకరగా పసుపు చార, పీట పక్కన చిరిగిన అరిటాకు కొస. అంతా బాగానే ఉంది.

రెండో రోజు ఫొటో చూసి ఫోను పక్కన పెట్టబోయాను. పసుపు చార. అదే వేలు, అదే వంకర. పీట పక్కన అదే ఆకు, అదే చిరుగు.

వెంటనే ఫోను చేశాను. కాళ్ళు చూపించుకున్నారా అని అడిగాను. ఆయ్ అన్నారు. ఈ రోజేనా అని అడిగాను.

"ఆయ్ అమ్మా, ఈ రోజే."

ఆ రోజు పరీక్ష లేదు. స్కూటీ తీసి ముక్తేశ్వరం రేవుకు వచ్చాను. అవతల కోటిపల్లి. నది దాటించే పంటు, బళ్ళూ మనుషులూ నిండేదాకా కదలదు. కదిలాక కూడా దాని నడక దానిదే. రోడ్డు మీద నా తొందరకు కొంత విలువ ఉండేది, గోదావరి మీద ఏమీ లేదు. డాక్టరుగారు ఆపేసిన వాక్యాన్ని రేవు దాటేలోగా ఎన్నిసార్లు పూర్తి చేశానో తెలియదు. పక్కన నిలబడిన పెద్దాయన నా ముఖం చూసి ఎవరికైనా బాగోలేదా అండీ అని అడిగారు. ఇంకా తెలియదండీ అన్నాను.

కె.గంగవరం మీదుగా వెళ్ళి ఆ ఇల్లు చేరేసరికి నాన్నగారు షెడ్డులో పీట మీద కూర్చుని గుమ్మడికాయ తరుగుతున్నారు. వంట జరుగుతున్నంతసేపూ ఆయన కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. నన్ను చూసి కుడికాలు పంచెలోకి లాక్కున్నారు. నేను వాదించలేదు. ఎదురుగా కూర్చుని చెయ్యి చాపాను. చాలాసేపు అలాగే చాచి ఉంచాను. చివరికి పాదం వచ్చింది.

బయటి అంచున నిమ్మచెక్కంత బొబ్బ. ఒక పక్క చితికి, చుట్టూ ఎర్రబడి ఉంది. నిన్న గంజి వార్చినప్పుడు చెప్పులోకి పడి ఉంటుందన్నారు. సాయంత్రం చెప్పు విడిచాక గాని చూసుకోలేదట.

"మరి ఫొటో?"

ఆయన కత్తి కింద పెట్టారు. "తీస్తానన్నాడు. కాలు చాపేను. చాపి, వద్దన్నాను, నిన్నటిదే పంపమన్నాను." గుమ్మడిముక్కలను ఒక పక్కకు నెట్టారు. "ఆ డాక్టరుగారి దగ్గరా అంతే అమ్మలూ. తగిలిందో లేదో ఒక్కటీ తెలియలేదు. వరసగా ఆయ్ అంటూ పోతే కొన్నయినా సరిపడతాయని అన్నాను. నాకూ భయమేనే."

అన్ని నెలలుగా భయం నా ఒక్కదానిదేననీ, ఆయన ఎదుటి పక్షమనీ అనుకుంటూ వచ్చాను. పట్టుకున్న పాదాన్ని వదల్లేదు.

వంట రెండో వంటాయనకు అప్పగించి, పాదానికి శుభ్రమైన గుడ్డ చుట్టి, అదే పంటు మీద ఇవతలికి వచ్చాము. డాక్టరుగారు పుండు శుభ్రం చేసి, ఎరుపు చుట్టూ పెన్నుతో గీత గీశారు. ఎరుపు ఆ గీత దాటితే ఆలస్యం చేయకుండా తీసుకురమ్మన్నారు. మూడు రోజులు పొద్దున ఆరింటికి నేను ఆ గీతను చూశాను, నాన్నగారు నన్ను చూశారు. మూడో నాడు ఒక చోట ఎరుపు గీతను ఆనుకుని ఉంది. ఆ పూట ఇంట్లో ఎవరమూ సరిగ్గా తినలేదు. నాలుగో నాడు వెనక్కి తగ్గింది.

ఇప్పుడు గోడ మీద చార్టు లేదు. పొద్దున తనిఖీ అయ్యాక ఇంకొక పని చేస్తాము. ఆయన కళ్ళు మూసుకుంటారు, నేను దీపపు వత్తి కొసను పాదం మీద పది చోట్ల ఆనిస్తాను. తెలిస్తే తెలిసిందనాలి, తెలియకపోతే ఊరుకోవాలి. మొదట్లో ఊరుకోవడం ఆయనకు చేతకాలేదు. పెదవులు వాటంతట అవే కదిలేవి. ఆ మౌనం వినడం నాకూ చేతకాలేదు. కుడి మడమ దగ్గర ఏమీ అనరు. ఎడమ అంచు పొడుగునా ఏమీ అనరు. ఏమీ అనని చోట్లు ఎక్కడెక్కడో మా ఇద్దరికీ ఇప్పుడు తెలుసు. అవి పెరుగుతాయేమోనన్న భయం కూడా ఇద్దరిదీ.

ఈ ఉదయం వత్తిని పాదానికి ఆనించకుండా గాలిలో ఆపాను. లోపల అమ్మ పాలు దించుతోంది. నాన్నగారు ఆయ్ అనలేదు. కళ్ళు మూసుకునే, చాలాసేపటికి అడిగారు:

"ఏవిటే, ఇంకా పెట్టలేదా? పెట్టినా తెలియట్లేదా?"

"ఇంకా పెట్టలేదు నాన్నగారూ" అన్నాను. అని, చిటికెనవేలి కింద మెల్లగా ఆనించి, ఆయన ముఖం చూస్తూ కూర్చున్నాను.