క్యాసెట్‌లో మిగిలిన హారతి

నిన్న మా అమ్మాయి కంప్యూటర్ వేడెక్కి మొరాయిస్తే, ఆ కాలిన దుమ్ము వాసనకు సుబేదారిలోని మా పాత ఇల్లు గుర్తొచ్చింది.

అమ్మ చనిపోయిన ఏడాదే అన్న టీవీకి తగిలించే కంప్యూటర్ తెచ్చాడు; అదీ ఇలాగే వేడెక్కి వాసనొచ్చేది. ఆ రోజుల్లో ప్రోగ్రాంను మామూలు పాటల క్యాసెట్‌లో రికార్డు చేసుకుని, దాన్నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. అన్న రికార్డు చేసింది ఎప్పుడూ సగం ఎక్కి ఆగిపోయేది. వైర్లన్నీ మార్చినా లాభం లేక, చివరికి ఆ క్యాసెట్‌నే టేప్ రికార్డర్‌లో పెట్టి విన్నాడు. ప్రోగ్రాం తాలూకు కీచుచప్పుడు సగంలో ఆగి, అమ్మ పాడిన మంగళహారతి వినిపించింది.

"అమ్మ పాట విననీకి కంప్యూటర్ ఆగుతాందేమో బాపూ!" అన్నాను నాన్నతో.

అన్న ఏడ్చేశాడు. "అమ్మ క్యాసెట్ అని తెల్వక దాని మీదనే రికార్డు చేసిన బాపూ."

"ఊకో కొడుకా. నువ్వు రికార్డు చేస్తాంటే నడుమ కరెంటు పోవట్టి గీ జరైనా మిగిలింది," అన్నాడు బాపు, వాడి వీపు నిమురుతూ.

ఆ కరెంటు కోతకు దేవుడికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. దక్కింది చివరి చరణమే. మొదలు అమ్మ ఎలా పాడేదో నాకు గుర్తులేదు.