వాసంతక్క కారులో లేని రేకు

చిమ్నీ ఎంత పెద్దదైనా ఉపేందర్‌కు ఒక లెక్క కాదు. ఎల్బీ నగర్‌లో సాగర్ రోడ్డు వెనక సందులో అతని రేకుల షెడ్డు ఉంది. హోటళ్ల వంటగదులకు పొగగొట్టాలు, ఆఫీసులకు ఏసీ డక్టులు చేస్తాడు. మనిషి దూరేంత గొట్టాన్నైనా వంచి, అతికి, ఆటో ట్రాలీ ఎక్కించేస్తాడు. అటువంటివాణ్ణి అరచేతిలో పట్టే రేకుముక్క ఒకటి ముప్పుతిప్పలు పెట్టింది. రేకు కంటే ఎక్కువగా అతని అక్క పెట్టింది.

వాళ్లది పోచంపల్లి దగ్గర నేత కుటుంబం. తండ్రి దశరథ మగ్గం మీద ఉంటే వాసంతి చిన్నప్పటి నుంచే రంగు అంటకుండా నూలుకు చిటికి ముడులు కట్టేది. ఉపేందర్‌కు మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చోవడమంటేనే తిక్క. పట్నం వచ్చి రేకుపని నేర్చుకున్నాడు. అక్కకు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం ఉన్న అశోక్‌తో పెళ్లయింది. పెళ్లయిన నాటి నుంచి ఆ దుకాణంలో చీరలు విప్పి చూపించడం, మళ్లీ మడతపెట్టడం, అదే ఆమె పని.

ఆ వాసంతి యాభై దాటాక ఒక పాత ఫియట్ కారు తెచ్చుకుంది. దుకాణానికి ఎప్పటినుంచో వచ్చే పట్టాభి గారు అపార్ట్‌మెంటుకు మారుతూ, అక్కడ పెట్టుకునే చోటులేక అమ్మేస్తానంటే, మొగుణ్ణి అడగకుండానే సరేనంది.

"సైకిల్ తొక్కరానోల్లకు కారెందుకు?" అన్నాడు అశోక్.

ఆమె పొద్దున్నే ఖాళీ రోడ్ల మీద నేర్చుకుని, కర్మన్‌ఘాట్‌లోని ఇంటి నుంచి దుకాణానికి తనే నడుపుకుంటూ పోవడం మొదలుపెట్టింది.

కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒకనాడు చైతన్యపురిలో మెట్రో స్తంభాల కింద కారు నీలం పొగ కక్కింది. వెనక బండ్లవాళ్లు ముక్కులు మూసుకుని తిట్టారు. నిప్పంటుకుందనుకుని ఎవరో బానెట్ మీద సీసాడు నీళ్లు కుమ్మరించారు. వాసంతి తడిసిన బానెట్ పక్కనే నిలబడి తమ్ముడికి ఫోన్ చేసింది.

"కారు దుకాణం కాదక్కా నాది. మెకానిక్‌కు చెయ్యి," అన్నాడతను.

"మెకానిక్‌ను తీస్కొని నువ్వే రా."

కర్మన్‌ఘాట్‌లో పాత బండ్లు చూసే జంగయ్య ఒక్కడే దొరికాడు. మొదట పిస్టన్ రింగులు పోయాయన్నాడు. ఇంజన్ విప్పి రింగులు మార్చాడు. పొగ ఆగలేదు. చివరికి ఇంజన్ నెత్తిన ఉండే ట్యాపెట్ కవరు ఊడదీసి, వెల్లకిలా తిప్పి, తల పట్టుకున్నాడు.

"ఈడ ఒక రేకు ఉండాలమ్మా. లోపల నూనె ఎగిరి గాలి గొట్టంలకు పోకుండ అడ్డం ఉంటది. ఎన్నడో కడిగేటప్పుడు ఎవడో పీకి పారేసిండు. నూనె సీదా గాలి ఫిల్టర్‌లకెల్లి ఇంజన్‌లకు పోయి కాలుతున్నది."

"కొత్తది దొరకదా?"

"రేకు ఒక్కటి ఎవడమ్ముతడు? కవరే దొరుకుతలేదు."

"మా తమ్ముడు రేకు పనే చేస్తడు," అంది వాసంతి. అడగలేదు, చెప్పింది.

ఉపేందర్ చేతిలో అప్పుడు హయత్‌నగర్ హోటల్ చిమ్నీ ఒకటి సగంలో ఉంది. అయినా మధ్యాహ్నానికల్లా కంటి అంచనాతో ఒక రేకు కత్తిరించి, అంచులు వంచి, కవరు లోపల బిగించి ఇచ్చాడు. ఇంతోటి దానికి ఇంత రాద్ధాంతమా అనుకున్నాడు. జంగయ్య ఇంజన్ స్టార్టు చేయగానే లోపల టకటకమని సుత్తులు కొట్టిన చప్పుడు. వాల్వులను నొక్కే చేతులు ఆ రేకును ఎగిరెగిరి తంతున్నాయి.

"జర పైకి చెయ్యి తమ్మీ," అన్నాడు జంగయ్య.

రెండోసారి పైకి చేశాడు. చప్పుడు పోయింది, పొగ తిరిగి వచ్చింది. రేకు కవరు కప్పుకు మరీ దగ్గరైపోయి, దాని మీద చేరిన నూనె కిందికి జారే దారిలేక గొట్టంలోకే పోతోంది. ఈలోపు అక్క ఫోన్లు. బస్సుల హారన్ల నడుమ, గిరాకీల నడుమ, అన్నం తింటూ కూడా.

"ఏమాయెరా?"

"అక్కా, నేను చిమ్నీలు చేసేటోన్ని! పొగ బయటికి పంపుడే నా పని, ఆపుడు కాదు. హోటలాయన నా పాణం తీస్తున్నడు. దాన్ని తుక్కుకు ఏసెయ్యి."

ఫోన్ అవతల పెట్టేసిన చప్పుడు వినబడింది. అమ్మయ్య అనుకున్నాడు. గంట తిరక్కుండా వాసంతి ఆటో దిగింది. షెడ్డులో తలకిందులుగా ఉన్న డబ్బా మీద కూర్చుంది. అతను రేకు కత్తిరిస్తూనే ఉన్నాడు.

"దుకాణం మీ బావది. ఇల్లు మీ బావ నాయిన కట్టింది. పిల్లలు చదివిన చదువు కూడ మీ బావ చెప్పిందే. గీ కారొక్కటే నేను కావాలని తెచ్చుకున్నది. తుక్కుకు ఏస్తే ఏమంటడు? చెప్పిన గదా అంటడు. ఆ మాట పడలేనురా."

ఉపేందర్‌కు ఒళ్లు మండింది. తిడితే తిరిగి తిట్టవచ్చు, ఇట్లా అంటే ఏం చేయాలి? కత్తెర విసిరేశాడు.

"లోపల ఎంత జాగా ఉన్నదో కనబడితే గదా చేసేది! కవరు మూస్తే కనబడదు, తెరిస్తే జాగా ఉండదు."

వాసంతి డబ్బా మీంచి లేచింది. "చపాతి పిండి పెట్టి చూద్దాం," అంది.

మర్నాడు జంగయ్య దగ్గర ఉన్న కారు వద్దకు టిఫిన్ డబ్బాలో గట్టిగా కలిపిన పిండి తెచ్చింది. ఇంజన్ మీద పాలిథిన్ కాగితం పరిచి, నూనె రాసిన పిండిముద్దలు వరసగా పెట్టింది. జంగయ్య నెత్తి కొట్టుకున్నాడు.

"నలభై ఏండ్ల నుంచి ఇంజన్లు ఇప్పుతున్న. ఇంజన్‌ల రొట్టెలు చేసుడు ఇప్పుడే చూస్తున్న."

కవరు బిగించి, ఇంజన్‌ను చేత్తో మెల్లగా తిప్పి, మళ్లీ తీశారు. పిండి ఒకచోట పలచగా అణిగింది, ఒకచోట మందంగా మిగిలింది. ఉపేందర్ బ్లేడుతో కోసి ఒక్కో ముక్క మందం కొలిచాడు. ముందు వైపు జాగా తక్కువ, వెనక ఎక్కువ. అంటే రేకు సమంగా కాదు, వాలుగా ఉండాలి. వాలుగా ఉంటే నూనె కూడా దానంతటదే జారుతుంది. చీరల డబ్బా అట్టతో ముందు నమూనా కత్తిరించి, దాన్నిబట్టి రేకు వంచాడు.

అంతటితో అయిపోతే బాగుండేది. స్క్రూలు వద్దన్నాడు జంగయ్య, ఊడి ఇంజన్‌లో పడితే గోవిందా అని. అందుకని ఉపేందర్ ఇత్తడి కడ్డీ కరిగించి అతికాడు. ఆ వేడికి కవరు అంచు వంకరపోయింది. బిగిస్తే చుట్టూ నూనె కారింది. ఉపేందర్ ఆ కవరును గోడకేసి కొడదామని ఎత్తాడు కూడా. అక్క అక్కడే కూర్చుని చూస్తోంది. మెల్లగా దించి, అద్దం పలక మీద బోర్లా పెట్టి, ఎక్కడ లేస్తోందో చూసుకుని, తీసి చెక్కదిమ్మ మీద కొయ్యసుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. హోటల్ వాళ్ల ఫోన్ మోగుతూనే ఉంది. ఎత్తలేదు.

నాలుగు మూలలూ పలకకు ఆనాక బిగించారు. చప్పుడు లేదు. కారడం లేదు. పొగ సంగతి రోడ్డు మీదే తేలాలి. వాసంతి స్టీరింగు పట్టుకుంది, ఉపేందర్ పక్కన కూర్చున్నాడు. హయత్‌నగర్ దాకా పోయి తిరిగి రావాలని అనుకున్నారు.

"గేర్ మార్చక్కా. బస్సొస్తున్నది. అక్కా, బస్సు!"

"కనబడ్తున్నది. నువ్వు ఎనక చూడు."

అతను మెడ తిప్పి వెనక అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు. బస్సులు, లారీలు, కొబ్బరిబోండాల బండి, దుమ్ము. పొగ లేదు. హయత్‌నగర్‌లో యూటర్న్ దాటిపోయింది. తరువాతిది కూడా దాటిపోయింది.

"ఎందాక పోతవు? విజయవాడ దాకనా?"

"మంచిగ నడుస్తున్నదిరా," అంది వాసంతి. రోడ్డు మీంచి కన్ను తిప్పకుండానే నవ్వుతోంది. మెడ పట్టేసి, ఆకలేసి, చిరాకులో ఉన్న ఉపేందర్ మళ్లీ వెనక్కి తిరిగి పొగ కోసం చూశాడు. తిరుగు ప్రయాణంలో ఎల్బీ నగర్‌లో దింపమంటే, అంత ట్రాఫిక్‌లో ఆపడం తన వల్ల కాదని నేరుగా దిల్‌సుఖ్‌నగర్ తీసుకుపోయింది. దుకాణం ముందు అశోక్ మెట్లు దిగివచ్చి, కారు చుట్టూ తిరిగి, వంగి పొగగొట్టం దగ్గర వేలు పెట్టి చూసుకున్నాడు. వేలికి నూనె అంటలేదు. లోపలికి పోయి, బావమరిదికి చాయ్ పంపించాడు. ఉపేందర్ అది తాగి, మెట్రో ఎక్కి షెడ్డుకు పోయాడు.

కారు ఇప్పటికీ నడుస్తోంది. కానీ వాసంతి నోరు ఊరుకోదు. ఆమె చీర కొనేవాళ్లకల్లా చెప్పడంతో, పాత కార్లున్నవాళ్లు ఎక్కడెక్కడినుంచో కవర్లు గుడ్డలో చుట్టుకుని ఎల్బీ నగర్ సందులోకి వస్తున్నారు. ఒక కవరుకు సరిపోయింది ఇంకోదానికి సరిపోదు. ప్రతిదానికీ మొదటి నుంచి చూసుకోవాలి. ఉపేందర్ ప్రతిసారీ తిడతాడు, ప్రతిసారీ చేస్తాడు. మొన్న నాగోల్ నుంచి వచ్చిన ఒకాయన కవరు లోపల రేకు చక్కగా ఉంది. అయినా కొత్తది చేయమన్నాడు, వాసంతమ్మ చెప్పింది కదా అని. ఉపేందర్ ఆ కవరును తిరిగి ఆయన చేతుల్లోనే పెట్టి, షట్టరు సగం దించి, అన్నానికి పోయాడు.