ఇద్దరు మునిరత్నాలు

మొన్న పార్సెల్ వేయడానికి మాధవరంలోని ఒక లారీ ఆఫీసుకు వెళ్ళాను. రసీదు కోసం అక్కడి గుమాస్తా పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌ను ఆన్ చేశాడు. అది కర్‌ర్ కర్‌ర్ మని ఒక్కో వరుసా గీరుతుంటే పక్కనున్నవాళ్ళు ముఖాలు చిట్లించారు. నాకు మాత్రం ఆ చప్పుడులో పేర్లు వినిపించాయి. గుమాస్తా కాగితం అంచున ఉండే చిల్లుల పట్టీని చించి పారేయబోతుంటే అడిగి తీసుకున్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. చూడనీ. అలాంటి పట్టీలను మడిచి పుస్తకాల్లో గుర్తుకు పెట్టుకునే మనిషి ఒకాయన పెరంబూరులో ఉండేవారు. మునిరత్నం నాయుడుగారు. నాకు చుట్టం కాదు, పంతులూ కాదు. నా దగ్గరికి కంప్యూటర్ పని చేయించుకోవడానికి వచ్చిన మనిషి. అయినా నాకు పని నేర్పింది ఆయనే.

తొంభైల నడుమ సంగతి. నేను చూలైలో రేకుడబ్బాలు చేసే ఆయన కూతురిని. పెరంబూరులో ఒక మేడమీది కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేదాన్ని. ఇరవై రెండేళ్ళ వయసు, నాకు తెలియనిది లేదన్న పొగరు. నాయుడుగారు రైలు పెట్టెల ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసి రిటైరైన మనిషి. ఒకరోజు మూడు లావుపాటి నోటుబుక్కులు చంకన పెట్టుకుని మెట్లెక్కి వచ్చారు.

"ఏమ్మా, వంశవృక్షం గీసే ప్రోగ్రాములు వచ్చినాయంట గదా? మావాళ్ళ పేర్లన్నీ దాంట్లో ఎక్కించాల."

"నోటుబుక్కుల్లో ఉండాయి గద సార్, మళ్ళీ ఎందుకు?"

"దీంట్లో ఒకరు ఈడ, ఒకరు ఆడ ఉండారు. మా అమ్మకు కండ్లు పోయినాయి. చెవులుండాయి. అవి కూడా పోకముందే అందరి పేర్లూ వరసగా, ఒక్కరు తప్పకుండా చదివి వినిపించాల. ఆమె అడిగింది అదొక్కటే."

ఆ రోజుల్లో అలాంటి ప్రోగ్రాములు ఫ్లాపీల మీద చేతులు మారుతూ వచ్చేవి. ఎలాగో మూడు సంపాదించాను. ఏది మంచిదో తేల్చడానికి నేను మాన్యువల్ తిరగేస్తుంటే నాయుడుగారు నవ్వారు. "అదంతా వద్దమ్మా. నేను మా అక్క కూతుర్నే చేసుకున్నా. ముందు అది ఎక్కించు. దానికి ఒప్పుకుంటే అన్నిటికీ ఒప్పుకున్నట్టే." మొదటి ప్రోగ్రాము మేనమామ మొగుడు కాకూడదని మొండికేసింది. రెండోది ఒప్పుకుంది గానీ, ఆయన భార్యను మేనకోడలిగా ఒకచోట, పెళ్ళాంగా ఇంకోచోట ఇద్దరు ఆడవాళ్ళను చేసి చూపించింది. "ఒక్కదాంతోనే ఏగలేక పోతా ఉండా, ఇంకొకతా తల్లీ!" అని ఆయన పగలబడి నవ్వారు. మూడోది నల్ల తెర, తెల్ల అక్షరాలు, అందం చందం లేదు. ఒక్కో మనిషికి ఒక్కో నంబరు ఇచ్చి, ఎవరిని ఎవరికి ముడిపెట్టమంటే వాళ్ళకు ముడిపెట్టింది. దాన్నే ఎంచుకున్నాం.

మొట్టమొదటి పేరు తానే కొడతానని నాయుడుగారు పట్టుబట్టారు. రెండు వేళ్ళతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఇంగ్లీషులో మునిరత్నం అని కొట్టారు. తన పేరుతో మొదలుపెట్టారు, ఈయనకూ కాస్త గొప్ప ఉందిలే అనుకుని లోపల నవ్వుకున్నాను.

ఆరు నెలలు పట్టింది. రోజూ సాయంత్రం ఆయన చదివేవారు, నేను కొట్టేదాన్ని. చివరికొస్తుండగా సెంటర్‌కు ఒక కొత్త ప్రోగ్రాము వచ్చింది. రంగులు, కొమ్మలు, రెమ్మలు, చెట్టు బొమ్మ! పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు, నాకు మా నల్లతెర ప్రోగ్రాము మీద మనసు విరిగింది.

"మన పాతది బాగానే ఉండాది గదమ్మా," అన్నారు నాయుడుగారు.

"ఇంకా ఆ పాతదాన్నే పట్టుకుని వేలాడతారా సార్? దీంట్లో ఎంత అందంగా వస్తుందో చూడండి."

"సరే, నీకు తెలుసు. చెయ్యి."

ఆ నమ్మకమే నా నెత్తికెక్కింది. పాతదాంట్లోని పేర్లన్నిటినీ ఒక ఫైలుగా చేసి కొత్తదాంట్లోకి ఎక్కించాను. అది ఆగి, ఒకే పేరున్న ఇద్దరిని చూపించి, "వీళ్ళిద్దరూ ఒకరేనా?" అని అడిగింది. నోటుబుక్కు చూసి జవాబిచ్చాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ చూశాను. పదోసారికి విసుగొచ్చింది. కింద "అన్నింటికీ అవును" అని ఒక మీట ఉంది. నొక్కేశాను. తాత పేరు మనవడికి పెట్టుకునే జాతి మనది, మా తమ్ముడిదీ మా తాత పేరే. ఆ ఆలోచన ఆ క్షణాన నా బుర్రకు తట్టలేదంటే ఏమనాలి!

ఆదివారం పొద్దున ప్రింటు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ ఆదిలక్ష్మమ్మగారు మంచం మీద గోడకు ఆనుకుని, చెవి నావైపు పెట్టి కూర్చున్నారు. నేను చదువుతుంటే ఒక్కో పేరుకూ "ఊఁ" కొడుతున్నారు. ఆమె బిడ్డల దగ్గరికి వచ్చాను. కూతురి పేరు చదివాను. "మునిరత్నం" అని చదివి, కింది వరుసకు దిగాను.

"ఉండు పాపా," అన్నారు ఆమె. "ఒక రత్నమేనా? ఇంకొకడు యాడ?"

నాకు అర్థం కాలేదు. నాయుడుగారి ముఖం చూశాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, నా చేతిలోంచి కాగితం తీసుకున్నారు. ఒక్కసారి చూశారు. జేబులోంచి పెన్సిల్ తీసి, తన పేరుకు పైన ఒక వరుస రాశారు. తర్వాత తల్లి చెవి దగ్గర వంగి గట్టిగా చదివారు. "పెద్ద కొడుకు మునిరత్నం. మూడేండ్లకు పోయినాడు. ఆ తర్వాత చిన్న కొడుకు మునిరత్నం."

"ఆఁ... వాడే," అన్నారు ఆమె. "ఆ పేరు మా మామది. నిలవాలని మళ్ళా వీడికి పెట్టినాము. పెద్దోడికి ఫోటో కూడా లేదు పాపా."

ఆరు నెలల కిందట రెండు వేళ్ళతో ఆయన కొట్టింది తన పేరు కాదు, అన్న పేరు. నేను దాన్నే చెరిపేశాను.

వీధిలోకి వచ్చాక ఏడ్చేశాను. "ఆ దరిద్రపు ప్రోగ్రామే సార్, కలిపేసింది" అన్నాను. నాయుడుగారు కోప్పడలేదు. కోప్పడి ఉంటే నేను ఎప్పుడో మరిచిపోయేదాన్ని.

"మిషను అడిగింది గదమ్మా. జవాబు చెప్పింది నువ్వు," అన్నారు. "పాత ఫ్లాపీ ఉండాదా, పారేసినావా?" అని అడిగారు.

ఉంది. మరునాడే నల్లతెరకు తిరిగొచ్చాం. "ఈ మొద్దుదే మేలు. తెలివి చూపించదు, చెప్పింది పెట్టుకుంటాది" అని ఆయన వెక్కిరించారు. అయ్యవారిని చేయబోతే కోతి అయిన నా రంగుల చెట్టు ప్రింటును నేను చించి పారేస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. ఫ్లాపీలో పేర్లన్నీ భద్రంగానే ఉన్నా, ఆ ప్రింటే పెట్టుకుని, మూడు నోటుబుక్కులతో పోల్చి, నేను కలిపేసిన వాళ్ళందరినీ నా చేతనే ఒక్కొక్కరిగా విడదీయించారు. మూడు వారాలు పట్టింది. మరో ఆదివారం మొత్తం మళ్ళీ చదివాను. ఇద్దరు మునిరత్నాల దగ్గర ఆదిలక్ష్మమ్మగారు నా చెయ్యి పట్టుకుని, చదవడం అయ్యేదాకా వదల్లేదు. ఆ ఏడాది తిరక్కుండానే ఆమె పోయారు. విని పోయారు, అదే నా అదృష్టం.

నాయుడుగారు కూడా పోయి చాలా ఏళ్ళయింది. ఆయనకు ఒక్కసారైనా సరిగ్గా దణ్ణం పెట్టుకోలేదు. ఇప్పుడు నేను ఒక ఆసుపత్రి రికార్డుల విభాగంలో పనిచేస్తున్నాను. ఇక్కడి కంప్యూటరూ అదే ప్రశ్న అడుగుతుంది. నేను లేచి వార్డుకు నడుస్తాను. "మేడమ్‌కు కాళ్ళు ఊరికే ఉండవు" అని కుర్రవాళ్ళు ఆటపట్టిస్తారు.

నిన్న కూడా అడిగింది. ఒకే పేరు, ఒకే ఇల్లు, ఒకదాంట్లో వయసు రాయలేదు. వీళ్ళిద్దరూ ఒకరేనా? వెళ్ళి చూస్తే మంచం మీద ఒక ముసలాయన, పక్కన దగ్గుకు తనకూ చీటీ రాయించుకుని అరటిపండు తింటూ నాలుగేళ్ళ మనవడు. "నా పేరే పెట్టినారమ్మా వీడికి" అన్నాడు ముసలాయన, గర్వంగా.

వెనక్కి వచ్చి కూర్చుని, "కాదు, ఇద్దరు" అని నొక్కాను.