గాజుల బజారులో పెళ్లికూత

నా చిన్నప్పుడు ఒక ఆదివారం సాయంత్రం, లాడ్ బజార్ జనంలో నేను గట్టిగా పట్టుకుని నడుస్తున్న నల్ల బుర్ఖా అంచు కింద బంగారు రంగు చెప్పులు కనిపించాయి. అక్క చెప్పులు గోధుమ రంగువి. ఎడమ చెప్పు పట్టీ తెగితే ఆ పొద్దునే మా నాన్న నీలం దారంతో కుట్టి ఇచ్చాడు. ఆ బంగారు చెప్పుల వంకే చూస్తూ ఇంకాస్త దూరం నడిచాను కూడా. తల ఎత్తడానికి ధైర్యం చాలలేదు. ఎత్తితే అది నిజమైపోతుందనిపించింది.

అక్క అంటే గౌలిపురలో మా ఇంటి పై గదిలో అద్దెకున్న సూడాన్ అమ్మాయి. ఇక్కడ ఫార్మసీ చదువుకునేది. మాది పాల వ్యాపారం. కింద బర్రెల కొట్టం, మధ్యలో మేము, పైన ఆమె. మా దగ్గర పాలు పోయించుకునే లెక్చరర్ ఒకాయన చెబితే నాన్న ఆ గది ఇచ్చాడు. ఆదివారం కాలేజీ ఉండదు కదా, ఒక్కతే గదిలో కూర్చుంటే ఇల్లు గుర్తొచ్చి ఏడుపొస్తుందని ఆమె వారం వారం ఎక్కడికో ఒకచోటికి బయలుదేరేది. వెంట నేనుండాలి. ఆమెకు వచ్చింది అరబ్బీ, ఇంగ్లీషు. నాకు తెలుగు, బజారు ఉర్దూ, బడిలో నేర్చిన కాస్త ఇంగ్లీషు. "యల్లా" అని కిందికి కేకేసేది, అంటే పోదాం పద అని. జూలో నీటిగుర్రం ముందు ఎంతసేపైనా నిలబడేవాళ్లం. వాళ్ల ఊళ్లోలా తనే వేయించుకుని కాచుకోవడానికి, చార్మినార్ దగ్గర పచ్చి కాఫీ గింజల కోసం దుకాణం దుకాణం తిరిగేవాళ్లం. "పచ్చివి ఏం జేస్కుంటదమ్మా మీ అక్క, తోట పెడ్తదా?" అని ఒక దుకాణదారు అడిగితే, అది ఇంగ్లీషులోకి మార్చడం రాక నేను నవ్వాను. నేను నవ్వానని ఆమె నవ్వింది. ఎవరూ వింతగా చూడకూడదని బజారుకు వచ్చినప్పుడు మాత్రం అందరిలా నల్ల బుర్ఖా వేసుకునేది.

మా నాయనమ్మకు మాత్రం ఆమె మీద గుర్రుగా ఉండేది. కారణం ఒక కూత. మా బర్రె ఈనిన రోజు అక్క మెట్ల మీద నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నాలుక ఆడిస్తూ సన్నగా, పొడుగ్గా ఒక కూత కూసింది. వాళ్ల దేశంలో పెళ్లికీ పురుటికీ ఆడవాళ్లు అలా కూస్తారట. బర్రె బెదిరి బకెట్‌ను తన్నింది. జున్నుపాలన్నీ నేలపాలయ్యాయి. "ఓ పిల్లా, ఇంకోపారి గిట్ల కూసినవంటే సామాన్ సర్దుకోవాలె, సమజైందా?" అంది నాయనమ్మ. అది తర్జుమా చేసి చెప్పింది నేనే. అక్క ముఖం చిన్నబోయింది. ఆ తర్వాత ఎప్పుడూ కూయలేదు.

ఆ ఆదివారం వాళ్లమ్మకు పంపడానికి గాజులు కొనాలని వచ్చాం. రెండు చేతుల్లో సంచులున్నాయని నన్ను బుర్ఖా అంచు పట్టుకోమంది. ఎక్కడ జారిందో, ఎక్కడ ఇంకొకరి అంచు చేతికొచ్చిందో తెలియదు.

బంగారు చెప్పుల ఆమె ఆగి, నా మీదికి వంగింది. "అరే, కిస్కీ బచ్చీ హై? ఎవరి పిల్లవమ్మా?" అంది. గొంతు మెత్తగానే ఉంది. కానీ ఆ కళ్లు కొత్తవి. అంచు వదిలేసి పరుగెత్తాను. చుట్టూ అన్నీ నల్లటి అంచులే. వంగి వంగి చెప్పులు వెతుక్కుంటూ పోయాను. వెండి రంగువి, నల్లవి, మగవాళ్ల బూట్లు. నీలం దారం ఎక్కడా లేదు. అక్కా అని అరుద్దామంటే నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

అప్పుడు ఎవరో ఒకాయన నా మణికట్టు పట్టుకున్నాడు. "ఏడ్వకు బేటా, మీ అమ్మ అటు దిక్కు పోయింది. రా, నేను తీస్కపోత" అన్నాడు. నేను వచ్చింది అమ్మతో కాదు. ఆ సంగతి తెలిసి కూడా వెంట నడిచాను. ఆయన మంచివాడే అయి ఉండొచ్చు. ఏడుస్తున్న పిల్లను చూసి నోటికొచ్చిన ధైర్యం చెప్పాడేమో. ఇప్పటికీ తెలియదు. ఆ తెలియకపోవడమే ఇన్నేళ్లుగా నన్ను నిద్రలో ఉలిక్కిపడేలా చేస్తోంది. గాజుల దుకాణాల వెలుతురు వెనకబడింది. ముందు ఇరుకు సందు ఒకటి, మసక మసకగా.

సరిగ్గా అక్కడ వినిపించింది ఆ కూత.

బేరాల మీదుగా, హారన్ల మీదుగా, సన్నగా, తెగకుండా. మా బర్రె ఈనిన రోజు విన్నదే. నా చెయ్యి విదిలించుకున్నాను. ఎలా విడిపించుకున్నానో గుర్తులేదు, పరుగు మాత్రం గుర్తుంది. జనమంతా అటే తిరిగి నిలబడ్డారు. "ఎవరిదో షాదీ ఉన్నట్టుంది భాయ్." "షాదీ లేదు గీదీ లేదు, పాగల్ ఉన్నట్టుంది." అంతలో ఒక గాజులాయన నన్ను చూసి, "హటో భాయ్, బచ్చీకో జానే దో" అని దారి ఇప్పించాడు.

ఎవరి కంటా పడకూడదనుకునే మా అక్క దుకాణం ముందు స్టూలెక్కి నిలబడి ఉంది. సంచులు కింద పడి ఉన్నాయి, ముఖం మీది ముసుగు పైకి తోసేసి ఉంది. చెంపల మీద నీళ్లు ధారగా కారుతున్నాయి, నోరు మాత్రం పెళ్లికూత కూస్తోంది. నన్ను చూశాక కూడా వెంటనే ఆపలేకపోయింది. దిగి నన్ను వాటేసుకుంది, ఆటో ఎక్కేదాకా నా చెయ్యి వదల్లేదు.

ఆటోలో వస్తూ మెల్లగా చెప్పింది. పేరు పెట్టి పిలిస్తే ఆ రొదలో కలిసిపోయిందట. పిల్ల తప్పిపోయిందని చెప్పడానికి ఇక్కడి మాట ఒక్కటీ తట్టలేదట. "నా మాటలన్నీ నువ్వే. నీతోపాటే పోయాయి. నా దగ్గర మిగిలింది అదొక్కటే" అంది.

ఇంటికి రాగానే తనే నాయనమ్మ ముందుకు వెళ్లి నిలబడింది. జరిగిందంతా నాతో చెప్పించింది, కూసిన సంగతితో సహా. "సామాన్ సర్దుకోవాలెనా అని అడుగుతున్నది" అన్నాను చివరికి. నాయనమ్మ నన్ను ఒళ్లోకి లాక్కుంది. తర్వాత ముక్కు తుడుచుకుంటూ, "ఏం సామాన్? ముందుగాల అన్నం తినుమను. బర్రెలకు నేనే అలవాటు జేయిస్త గా కూత" అంది.

చదువు పూర్తయ్యాక అక్క వాళ్ల దేశం వెళ్లిపోయింది. జనంలోకి వెళ్తే నా చూపు ఇప్పటికీ ముందు చెప్పుల మీదికే పోతుంది. మా పిల్లలిద్దరి చెప్పులకూ నీలం దారం కుట్టి ఉంచుతాను. అయినా వాళ్లను లాడ్ బజార్‌కు మాత్రం ఇన్నాళ్లూ తీసుకెళ్లలేదు. ఇప్పుడు మా అమ్మాయికి బడిలో డాన్సు ఉంది, గాజులు తనే ఏరుకోవాలట. ఆన్‌లైన్‌లో తెప్పిస్తానంటే వినలేదు. రేపు వెళ్దామని మాటిచ్చాక నిద్ర పట్టక, నిన్న రాత్రి వాళ్లు పడుకున్నాక ఇది రాయడం మొదలుపెట్టాను. చివరి ముక్క ఇప్పుడు, బయలుదేరే ముందు రాస్తున్నాను.

పొద్దున టిఫిన్ తింటుంటే ఇద్దరికీ చెప్పాను. "తప్పిపోతే ఉరకొద్దు. ఎవరు రమ్మన్నా పోవద్దు. గీ చప్పుడు వినబడేదాంక ఉన్నకాడనే ఉండాలె" అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూసి చూపించాను. చిన్నోడు వెంటనే మొదలుపెట్టాడు, తుంపర్లు తప్ప ఏమీ రాలేదు. పెద్దది ముఖం దాచుకుంది.

"ఛీ మమ్మీ, బజార్ల గట్ల కూస్తవా? అందరు నవ్వుతరు."

"నవ్వనీయ్ బిడ్డా" అన్నాను. "నువ్వు కనబడకుంటే స్టూలెక్కి మరీ కూస్త. వాళ్లు నవ్వుతనే ఉంటరు, నువ్వు మాత్రం చప్పుడు దిక్కు వచ్చెయ్."