కిటికీ పక్కన మనిషి

1974 వేసవిలో నేను విజయవాడ వన్ టౌన్‌లో ఒక సినిమా హాలుకు హెడ్ ఆపరేటర్‌ని. బాషా సెకండ్ ఆపరేటర్. అతనికి లైసెన్సు వచ్చి రెండేళ్లు. ఒక ఆదివారం ఉదయం ఫిల్మ్ సొసైటీ వాళ్లు ఏదో యూరప్ సస్పెన్స్ సినిమా తెచ్చి, సభ్యుల కోసం వరసగా రెండు ఆటలు పెట్టారు. మొదటిది నేను వేశాను.

అప్పట్లో ప్రొజెక్టరు వెలుగు రెండు కార్బన్ కడ్డీల మధ్య మండే మంట నుంచి వచ్చేది. కరెంటు పెంచితే బొమ్మ తెల్లగా పడుతుంది. కాస్త మసకబారితే నేల టికెట్టు వాళ్లు ఈలలు వేసేవారు. ఊళ్లో మా బొమ్మే తెల్లన అని నాకు గర్వం. ఈ సినిమా నిండా పొగమంచు, చీకటి గదులు. ప్రింటు పాతబడిందనుకుని కరెంటు పెంచాను.

ఆట అవగానే సొసైటీ కార్యదర్శి, మేనేజరు మెట్లెక్కి ప్రొజెక్టరు క్యాబిన్‌కి వచ్చారు.

“సినిమాలో ఆ కిటికీ పక్కన చీకట్లో దాక్కున్న మనిషి ఆఖరి రీలు దాకా కనపడకూడదండీ. మీరు పట్టపగలు చేసేశారు,” అన్నారు కార్యదర్శి.

“కనపడకుండా వెయ్యడానికి ఆపరేటరెందుకండీ? తెరకి దుప్పటి కప్పితే సరి,” అన్నాను.

మేనేజరు నవ్వలేదు. రెండో ఆట బాషాను వెయ్యమన్నారు.

నన్ను పక్కన పెట్టడం అదే మొదలు. అతను చెడగొడితే చూద్దామని వెనక వరసలో కూర్చున్నాను. కరెంటు తగ్గిస్తే మంట నిలవదు. బాషా కడ్డీలను చేత్తో జరుపుతూ ఆటంతా నిలబెట్టాడు. తెర మీద సరస్సు పక్క హోటల్ గదిలో ఒకామె ఎవరి కోసమో ఎదురుచూస్తోంది. మనిషి ఎక్కడున్నాడో నాకు తెలుసు. అయినా అక్కడ చీకటి తప్ప ఏమీ లేదు. ఆమె అటు తిరిగినప్పుడల్లా నా వెన్ను జలదరించింది. ఆఖరి రీల్లో అతను ఒక్క అడుగు ముందుకు వేశాడు. హాల్లో ఎవరూ ఊపిరి తీయలేదు. నా ఆటలో అదే చోట ఎవరో దగ్గారు.

పైకి వెళ్లాను. బాషా చొక్కా చెమటతో తడిసి ఉంది.

“గురువుగారూ, ఆఖరి రీలుకి ముందు మనిషి కనపడ్డాడా?”

“కనపడ్డాడులే.”

“అయితే ఇంకాస్త తగ్గించాల్సిందండీ.”

నా ఆట జరుగుతుండగా అతను కాసేపు హాల్లోకి దిగి చూసి వచ్చాడట. నేను అన్నేళ్లూ తెరను క్యాబిన్ అద్దంలోంచే చూశాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, కొత్త ప్రింటు వచ్చినప్పుడల్లా మిషన్ రెండోవాడికి అప్పగించి, మొదటి రీలు కింద కూర్చుని చూశాకే కరెంటు ఎంతో నిర్ణయించాను. అది బాషా దగ్గర నేర్చుకున్నదని అతనికి చెప్పలేదు. బాషా పోయిన ఏడాది చనిపోయాడు. ఆ రోజు మనిషి నిజానికి కనపడలేదని కూడా అతనికి చెప్పలేదు.