కావిడి బద్దకు రెండు బెల్లం దిమ్మలు

మా చోడవరం చుట్టుపక్కల బెల్లం వల్ల బాగుపడినవాళ్ళు చాలామంది ఉన్నారు. బెల్లం వల్ల పోలీసు ఉద్యోగం పోగొట్టుకున్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. వచ్చాక పోలేదు, రాకముందే పోయింది. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. ఇందులో అబద్ధం దొరికితే క్షమించండి. నిజం దొరికితే దాచి పెట్టండి, నా దగ్గర అది తక్కువ.

డెబ్భైల మొదట్లో మాట. నాకు పంతొమ్మిదేళ్ళు. నిలబెడితే చెరకుగడని, పడుకోబెడితే చెరకు ఆకుని. బుచ్చయ్యపేట దారిలో మా అమ్మ తమ్ముడు అప్పలనాయుడు మావయ్యకు ఎడ్లు తిప్పే గానుగ ఉండేది. అందులో నా హోదా పొయ్యి దగ్గర. రసం మరిగే పెనం కిందికి ఎండిన చెరకు పిప్పి తోస్తూ కూర్చోవాలి. వారానికి ఆరు రోజులు, తెల్లవారింది మొదలు పొద్దుగూకేదాకా. సోమవారం మాత్రం సెలవు. నా మీద దయతో కాదు లెండి. సోమవారం ఎడ్లను కట్టకూడదని మా మావయ్య పట్టింపు. ఎద్దు పుండు కాకికి ముద్దు, ఎద్దు సెలవు నాకు ముద్దు.

అలాంటి రోజుల్లో విశాఖపట్నంలో కానిస్టేబుళ్ళను తీసుకుంటున్నారని తెలిసింది. పొయ్యి ముందు కూర్చుని సగం ఉడికిన నాకు ఖాకీ చొక్కా కళ్ళముందు ఆడింది. మావయ్యతో చెప్పాను.

"పోలీసా? నువ్వా?" మావయ్య నోట్లోంచి చుట్ట తీసి నన్ను ఎగాదిగా చూశాడు. ఎక్కువసేపు పట్టలేదు, చూడ్డానికి అంత లేదు. "ఒరే సత్తిబాబూ, దొంగ తుమ్మితే ఎగిరిపోతావు రా!"

"రెండు నెలలుంది మావయ్యా. కండ పెంచుతాను."

"పెంచు. సెలక్సనయితే ఎల్లిపో, నేనే రైలెక్కిస్తాను. అవనేదనుకో, పోలీసు గోల మళ్ళీ నా సెవిని పడకూడదు. నీకు మీసం నెరిసేదాకా ఈ పొయ్యి నీదే."

అలా నా బతుకు ఖాకీకీ పిప్పికీ మధ్య ఇరుక్కుంది.

చోడవరంలో కుర్రాళ్ళకు కసరత్తు నేర్పే తాలింఖానా నడిపే పైడయ్య వస్తాదు దగ్గరికి పరిగెత్తాను. ఆయన నా జబ్బ పట్టుకుని, ఇంకా ఏమైనా ఉందేమోనని కాసేపు వెతికి, వదిలేశాడు.

"వారానికి మూడుసార్లు సాలు రా గుంటడా. సారికి అరగంట. బరువెత్తు, దండీలు తియ్యి. మజ్జిలో ఒంటికి ఇశ్రాంతి ఇయ్యి."

నాకున్నది ఒక్క సోమవారం. అయితేనేం, బుర్ర ఉంది కదా! వస్తాదు మూడుసార్లన్నాడు గానీ, మూడు రోజులన్నాడా? సోమవారమే పొద్దున్న ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. మధ్యలో భోజనమూ కునుకూ, అదే విశ్రాంతి. వారం రోజుల అన్నం ఒక్కపూట తిని మిగతా ఆరు రోజులూ ఆకలి వెయ్యదనుకునేవాడి తెలివి ఎలా ఉంటుందో, నాదీ అలాగే ఉంది.

ఇక బరువులు. ఇనప గుండ్లు ఎక్కడ తేను? గానుగలో వరసగా పేర్చిన బెల్లం దిమ్మలు కనిపించాయి. ఒక్కోటి పన్నెండు కిలోలు. రెండు అడిగాను.

"పట్టుకెల్లు," అన్నాడు మావయ్య. "సెలక్సనయ్యాక అలగే తిరిగి తేవాల."

రెంటినీ విడివిడిగా గోనెపట్టాల్లో మూటకట్టి, కావిడి బద్దకు చెరో కొసకూ వేలాడదీసి, మా పెరటి పాకలో పెట్టాను. మొదటి సోమవారం ఎత్తబోతే మోకాలి దాకా వచ్చాయి. అవి పైకి వచ్చాయో, మోకాలే కిందికి దిగిందో ఇప్పటికీ అనుమానమే. మంగళవారం చేతులు మడత పడలేదు. అన్నం అమ్మ కలిపి పెట్టింది. బుధవారం నవ్వితే నొప్పి, గురువారం తుమ్మితే నొప్పి. ఆదివారానికి కోలుకునేవాణ్ణి. తెల్లారితే మళ్ళీ సోమవారం.

"ఎందుకురా ఈ సావు?" అనేది అమ్మ. "గుంటడు సిక్కి సగమైపోతన్నాడు!"

అని ఊరుకుందా? రోజూ నువ్వుండలు. రోజు విడిచి రోజు పరమాన్నం. పొద్దున్నే బెల్లం కాఫీ. వద్దంటే అమ్మ బాధపడుతుందని, నా కష్టం నేను పడి తినేవాణ్ణి.

అద్భుతం ఏమిటంటే, కసరత్తు పనిచేసింది! మూడో సోమవారానికి బద్ద నడుం దాటింది. అయిదో సోమవారానికి తలమీదకు లేచింది. ఎనిమిదో సోమవారం ఒంటిచేత్తో ఎత్తి, గిరగిరా తిప్పి, పక్కింటి కోళ్ళను బెదరగొట్టాను. వెంటనే వస్తాదు దగ్గరికి వెళ్ళి చొక్కా విప్పాను.

"ఇరవై నాలుగు కిలోలు వస్తాదూ! ఒంటిచేత్తో!"

ఆయన నా చుట్టూ ఒకసారి తిరిగాడు. "మరి కండ ఏదిరా?"

"లోపల ఉంది."

"ఊఁ," అని పొట్ట వైపు చూసి ఊరుకున్నాడు. పెద్దవాళ్ళు ఊరుకున్నప్పుడు మనం భయపడాలి. నేను మీసం దువ్వుకున్నాను.

విశాఖపట్నంలో సెలక్షన్ మైదానంలో టేపు పట్టుకున్న హవల్దారు ముందు నిలబడ్డాను.

"ఊపిరి పీల్చు."

పీల్చాను.

"పీల్చవయ్యా!"

"పీల్చేనండి."

"ఎప్పుడు?"

మళ్ళీ పీల్చాను. ఛాతీ దగ్గర టేపు రాతిమీద గీతలా అక్కడే ఉంది. హవల్దారుకు ఏం తోచిందో, టేపు కిందికి జార్చి పొట్టకు చుట్టాడు. "ఇప్పుడు పీల్చు." నిండా రెండంగుళాలు పెరిగింది. ఆయన పక్కవాణ్ణి పిలిచి చూపించాడు. "ఇదే ఛాతీ అయ్యుంటే నిన్ను తీసుకునేవాళ్ళం తమ్ముడూ."

"నేను ఇరవై నాలుగు కిలోలు తలమీదకెత్తుతానండి!"

"అదిగో, ఇసక బస్తా. ఇరవై కిలోలే. ఎత్తు."

ఎత్తాను. మోకాలి దాకా వచ్చింది. ఆ మోకాలు నాకు బాగా తెలుసు, మొదటి సోమవారం నాటిది. తర్వాత బస్తా కిందా, నేను బస్తా మీదా ఉన్నాం.

మర్నాడు మావయ్య బెల్లం మావయ్యకు అప్పగించడానికి కావిడి భుజాన వేసుకుని గానుగకు బయలుదేరాను. అమ్మ కూడా వెనకే వచ్చింది, తమ్ముడు నన్ను తిడితే అడ్డుపడ్డానికని చెప్పి. రెండు దిమ్మలు మోస్తున్నా ఒక్క చెమట చుక్క లేదు. ఇంత బలవంతుణ్ణి కాదన్నారే అని దారి పొడుగునా ప్రభుత్వాన్ని తిట్టుకున్నాను.

మావయ్య మూట విప్పాడు. లోపల ఎండు పిప్పి. ఇంకా లాగితే ఇంకా పిప్పి. అడుగున కొబ్బరికాయంత బెల్లం. రెండో మూటలో ఆ కొబ్బరికాయ కూడా లేదు.

"ఏటే అప్పా ఇది?" అన్నాడు మావయ్య, నన్ను వదిలేసి సరాసరి తన అక్కను, మా అమ్మను.

"నేనే తీసేను. ఏటిప్పుడు? నా తమ్ముడి బెల్లం నేను వాడుకోనేటి?" అంది అమ్మ. "గుంటడు సోమారం సోమారం సచ్చి బతుకుతంటే బలానికి నువ్వుండలు సెయ్యొద్దా? ఇరుగూ పొరుగూ అడిగితే సిటికెడు పెట్టొద్దా?"

"మరి ఈ పిప్పేటి?"

"మూట వదులైపోతే ఆడు కసరత్తు మానేస్తాడు కదా! అందుకే తీసినప్పుడల్లా కుక్కేను."

మావయ్య నవ్వలేదు. నవ్వుంటే బాగుండేది. చుట్ట వెలిగించుకుని నిదానంగా అన్నాడు. "ఒరే, ఎత్తేది తేలికయితే నువ్వు పెరిగేవో, అది తరిగిందో సూసుకోవాల కదరా. సేత్తో ఎత్తవలసింది కడుపుతో మోస్తన్నావు." తర్వాత పిప్పి నా వైపు తోశాడు. "ఇది ఎక్కడ పెట్టాలో నీకు తెలుసు కదా."

తెలుసు. రెండు నెలల నా కసరత్తు, పెనం కింద రెండు నిమిషాలు కూడా మండలేదు.

ఆ పొయ్యి సాక్షిగా, మిగిలిన కొబ్బరికాయంత బెల్లం మీద చెయ్యి వేసి, ఆ రోజే ప్రమాణం చేశాను: ఇకమీదట ఏ బరువునైనా ముందు నాకి చూడనిదే ఎత్తను. తియ్యగా ఉంటే అసలే ఎత్తను. ఇప్పుడు నా మీసం నెరుస్తోంది. ఇంతవరకూ మాట తప్పలేదు. ఏదైనా ఎత్తితే కదా తప్పడానికి!