బర్రెకు సున్నా

తొంభైల నడిమిలో నేను ఎం.ఎడ్. చదువుతుండగా, పరిశోధన పేరుతో పదకొండు మంది పిల్లలను తెలివి తక్కువ వాళ్లుగా తేల్చాను. తేల్చింది నేను కాదని చాలా ఏళ్లు చెప్పుకుంటూ వచ్చాను. మా గైడ్ సార్ అన్నాను, ఆయన ఇచ్చిన పరీక్ష అన్నాను, ఆ బడి హెడ్మాస్టర్ అన్నాను. వాళ్ల మీద కోపం ఇప్పటికీ చల్లారలేదు. కానీ పెన్ను నా చేతిలో ఉండింది. ఆ సంగతి ముందే చెప్పకపోతే మిగతాదంతా చెప్పడానికి నాకు అర్హత లేదు.

మాది నల్లగొండ. అబ్బా దర్జీ పని చేసేవాడు. ఇంట్లో ఉర్దూ, గల్లీలో తెలుగు. అబ్బా ఒక మాటను ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులో ముగించేవాడు, ఎదుటివాడు తెలుగులో మొదలుపెట్టి ఉర్దూలో జవాబు ముగించేవాడు. అందులో వింత ఉందని మాకెవరికీ తోచలేదు. దగ్గర్లో ఉన్నది తెలుగు బడి కాబట్టి నన్ను అందులో వేశారు. పట్నంలో కాలేజీకి పోయాకే నేను రెండు సిగ్గులు నేర్చుకున్నాను. ఉర్దూ మాట్లాడితే ఒక చూపు, మా ఊరి తెలుగు మాట్లాడితే ఇంకో చూపు. రెండేళ్లు తిరిగేసరికి రెంటినీ దాచిపెట్టి పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడటం అలవాటు చేసుకున్నాను.

పరిశోధనకు విషయం ఏదని అడిగితే, రెండు మూడు భాషలు మాట్లాడే ఇళ్లలోని పిల్లలు తెలుగు ఎట్లా నేర్చుకుంటారో చూస్తానన్నాను. గైడ్ సార్‌కు నచ్చింది. ఆయనది మహబూబ్‌నగర్ జిల్లాలో ఏదో పల్లె అని వినికిడి. మాట వింటే మాత్రం ఏ ఊరివాడో ఎవరూ పోల్చలేరు. బీరువాలోంచి నలభై బొమ్మల కట్ట తీసి ఇచ్చాడు. ఒక్కో బొమ్మకు ఒక్క జవాబు, అది వెనకాల అచ్చు వేసి ఉంది.

"ఆ మాట చెప్తే ఒకటి, ఇంకేది చెప్పినా సున్నా. నోరు విప్పకపోయినా సున్నా. నువ్వు తెలుగు తప్ప వేరే భాష మాట్లాడకూడదు, సాయం చేయకూడదు. చేస్తే ఫలితం పాడవుతుంది" అన్నాడు.

కట్ట తిరగేస్తూ, "సార్, దీన్ని మా దగ్గర ఆలుగడ్డ అంటారు" అన్నాను.

"బంగాళాదుంప అని పుస్తకంలో ఉంది కదమ్మా. మనం భాషా సామర్థ్యం కొలుస్తున్నాం, కూరగాయల అంగడి పెట్టడం లేదు."

నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నారాయణపేటలో మా ఖాలా, అంటే అమ్మీకి చెల్లెలు, గాజుల దుకాణం నడిపేది. ఉండటానికి ఆమె ఇల్లుంది. పైగా ఆ ఊళ్లో నాలుగు అడుగులకొక భాష వినబడుతుంది. మగ్గాల ఇళ్లలో కొందరిది కన్నడం, కొందరిది మరాఠీ, బజారుది ఉర్దూ, అందరిదీ తెలుగు. నా పరిశోధనకు అంతకంటే మంచి ఊరు దొరకదనుకున్నాను. ఒక బడి హెడ్మాస్టర్ వెంటనే ఒప్పుకున్నాడు. మూడో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరిని పిలిచి, ఆయన గది పక్క వరండాలో పరీక్ష పెట్టాను.

రెండో రోజు ఒక పిల్ల వచ్చింది. ఎనిమిదేళ్లుంటాయి. నేత పని చేసేవాళ్ల పిల్ల, ఇంట్లో కన్నడం. కూర్చోమనకముందే కూర్చుని, బొమ్మల మీదికి వంగింది. మొదటి బొమ్మ చూపించాను.

"బర్రె" అంది. నేను రాసుకునేలోపే, "మా ఇంట్ల ఎమ్మె అంటం. సాయిబులు భైంస్ అంటరు టీచర్" అని కలిపింది.

కార్డు వెనకాల 'గేదె' అని ఉంది. తప్పు పెట్టాను. పిల్ల మెడ చాచి నా కాగితం చూసింది.

"తప్పా టీచర్? గది బర్రె గాదా?"

ఏమీ చెప్పకూడదని కదా సార్ ఆజ్ఞ. తరువాతి బొమ్మ తీశాను. ఆలుగడ్డ అంది, తప్పు. అంగి అంది, తప్పు. పల్లికాయ అంది, తప్పు. పది బొమ్మలు దాటేసరికి ఆ పిల్ల బొమ్మను చూడటం మానేసి నా ముఖం చూడటం మొదలుపెట్టింది. ఏం చెప్తే నా చెయ్యి అడ్డగీత పెట్టదో వెతుక్కుంటోంది. ఇరవై దాటాక గొంతు తగ్గింది. చివరి పన్నెండు బొమ్మలకు నోరే విప్పలేదు. కుక్క బొమ్మకు కూడా. వరుసగా పన్నెండు సున్నాలు చుట్టి, "ఇంక పో అమ్మా" అన్నాను.

వెళ్లేరోజు హెడ్మాస్టర్ మార్కుల పట్టిక ఒకటి అడిగాడు. అనుమతి ఇచ్చిన మనిషి, ఎట్లా కాదంటాను? కార్బన్ కాగితం పెట్టి అందంగా రాసిచ్చాను, ఎక్కువ మార్కుల నుంచి తక్కువకు వరుసగా.

పట్నం వచ్చి అధ్యాయం రాశాను. ఇంట్లో ఎన్ని భాషలుంటే పిల్లలకు తెలుగు అంత తక్కువ వస్తుందని లెక్క తేలింది. సార్ సంతోషించాడు. టీచర్లతో కూడా మాట్లాడి రమ్మన్నాడు. మూడు నెలల తర్వాత మళ్లీ నారాయణపేట పోయాను.

మూడో తరగతిలో ఆ పిల్ల కనబడలేదు. ఎక్కడుందని అడిగితే హెడ్మాస్టర్ గర్వంగా చెప్పాడు. "మీ లిస్టు మస్తు పనికొచ్చింది మేడమ్. కింది పదకొండు మందిని రెండో తరగతిల కూసోబెట్టిన. నలుగురైదుగురు రావుడే బంద్ చేసిండ్రు. గా పిల్ల గూడ."

"ఎవరు చెప్పిండ్రు మీకు అట్ల చేయమని?"

"మీరే గద రాసిచ్చిండ్రు! పెద్ద చదువు చదివెటోళ్లు, గిట్ల పరీక్షలు పెట్టి, ముద్దెర కొట్టినట్టు రాసిస్తిరి. ఎవనికి బుద్ధి ఉన్నదో ఎవనికి లేదో తెలిసిపాయె."

ఆ పరీక్ష బుద్ధిని కొలవడానికి కాదని అరిచాను. ఆయన నింపాదిగా, "మరి దేన్ని కొలుస్తది?" అన్నాడు.

వాళ్లనూ వీళ్లనూ అడుగుతూ ఆ పిల్ల ఇల్లు పట్టుకున్నాను. అరుగు మీద రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. నన్ను చూసి లేచి గోడవారకు జరిగింది. "బడికి ఎందుకు పోతలేవు?" అన్నాను. పలకలేదు. "నా మీద కోపమా?" పలకలేదు. వరండాలో చివరి పన్నెండు బొమ్మల దగ్గర ఎట్లా ఉందో అట్లాగే ఉంది.

లోపల మగ్గం ఆగింది. వాళ్ల అవ్వ బయటికి వచ్చింది.

"బొమ్మలు చూపిచ్చినామెవు నువ్వేనా?" అంది. అవునన్నాను.

"నా మనుమరాలు యాపారి వస్తే ఆయనతోని తురకంల మాట్లాడ్తది. నాతోని మా మాట మాట్లాడ్తది. వాడకట్టంత తెలుగుల లొల్లి జేస్తది. గసొంటిదాన్ని పట్టుకొని మాట రాదని రాసినవంట. నీకెన్ని మాటలొస్తయమ్మా? ఒక్కటే రావట్టె నీకు! గా కాయిదం మీద రాసుకొచ్చుకున్న ఒక్కటే!"

ఆమె తిట్టినంతసేపూ నిలబడ్డాను.

తిరిగి నాలుగడుగులు వేశానో లేదో వెనకనుంచి ఆ పిల్ల గొంతు వినబడింది. పక్కింటి సాయిబుల పిల్ల వచ్చి ఎవరే ఆమె అని అడిగినట్టుంది. "ఓ పర్చే వాలీ. మై కుచ్ నై బోలీ" అంటోంది. పరీక్ష కాగితాలామె, నేనేం మాట్లాడలే అని. ఆ మాట తీరు అచ్చం మా నల్లగొండ గల్లీదే. వెనక్కి తిరిగి ఉర్దూలోనే అన్నాను, నువ్వు మాట్లాడకపోవడమే మంచిదైంది, తప్పు నాది అని.

పిల్ల నోరు తెరిచింది. "నీకొస్తదా?"

"మా ఇంట్ల మాట అదే."

"మరి గప్పుడెందుకు చెప్పలే?"

ఇన్నేళ్లలో ఇంటర్వ్యూల్లో, మీటింగుల్లో నన్ను చాలామంది చాలా అడిగారు. ఇట్లా ఎవరూ అడగలేదు. సార్ వద్దన్నాడని ఒక ఎనిమిదేళ్ల పిల్లకు ఎట్లా చెప్పను? నీ ముందు కూడా నా మాటకు నేను సిగ్గుపడ్డానని ఎట్లా చెప్పను?

మరునాడు అవ్వ తనే మనుమరాలి చెయ్యి పట్టుకుని బడికి వచ్చింది. వెంట వాడకట్టు ఆడవాళ్లు ఆరేడుగురు. నా పట్టిక తప్పని, దాన్ని దేనికీ వాడకూడదని నేను రాసిచ్చిన కాగితాన్ని హెడ్మాస్టర్ చదవను కూడా లేదు. "ఒకసారి ఒప్పంటరు, ఒకసారి తప్పంటరు, మాకేం పని లేదా మేడమ్?" అన్నాడు. అవ్వ ఆయన గది గుమ్మంలో కూర్చుంది. "నా పిల్లను దాని తరగతిల కూసోబెట్టెదాంక లేవ" అంది. మధ్యాహ్నం గంట కొట్టేసరికి ఆయన దిగొచ్చాడు. బడికి వస్తున్న ఏడుగురూ మూడో తరగతికి పోయారు, ఆ పిల్లతో సహా. నా పరిశోధన పెట్టిన చిక్కును ఒక ముసలామె గడపలో కూర్చుని విప్పింది. బడి మానేసిన నలుగురిని అడిగేవాళ్లు మాత్రం ఎవరూ రాలేదు.

వారం రోజులు ఉండి, వచ్చిన పిల్లలకు అవే బొమ్మలు మళ్లీ చూపించాను. ఏ మాట వస్తే ఆ మాట చెప్పమన్నాను, నాకు వచ్చిన మాటల్లో నేనూ మాట్లాడాను. చెప్పినవన్నీ రాసుకున్నాను. నోటుపుస్తకం సరిపోలేదు. అధ్యాయం మొత్తం తిరగరాసి సార్ బల్ల మీద పెట్టాను.

నాలుగు పేజీలు చదివి పక్కకు తోశాడు. "ఇది పరిశోధన కాదమ్మా, ఆవేశం."

"సార్, బర్రె అన్నది తప్పెట్లా అవుతుంది? మీ ఇంట్లో ఏమనేవాళ్లు?"

అడగకూడని మాట అడిగానని ఆయన ముఖం చూడగానే తెలిసింది. కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

"ఏంది నీ లొల్లి? నేను గీ కుర్సీల ఎట్ల కూసున్ననో నీకెర్కనా? బర్రె అన్నందుకు క్లాసుల నిలబెట్టిండ్రు నన్ను! అందరు నవ్విండ్రు! నవ్వులపాలు గావొద్దనే గద నేర్సుకోమనేది!"

గది తలుపు తెరిచే ఉంది. ఆయన దాన్ని చూసి, గొంతు సవరించుకుని, కూర్చున్నాడు. "కూర్చోమ్మా" అన్నాడు, మళ్లీ పుస్తకం గొంతుతో.

ఒక్క నిమిషం జాలేసింది. ఆ తర్వాత ముందుకంటే ఎక్కువ కోపం వచ్చింది. తన వీపు మీద పడ్డ కట్టెను ఇన్నేళ్లు భద్రంగా దాచి, పిల్లల్ని కొట్టి రమ్మని నా చేతికిచ్చాడు ఈ మనిషి. నేనూ బస్సెక్కి పోయి కొట్టి వచ్చాను.

చివరికి బేరం కుదిరింది. పాత పట్టిక అధ్యాయంలో ఉంటుంది, నేను కొత్తగా రాసింది వెనకాల అనుబంధంగా పోతుంది, అట్లయితే సంతకం పెడతానన్నాడు. అబ్బా చూపు తగ్గి సూదిలో దారం ఎక్కించలేకపోతున్న రోజులవి. ఉద్యోగం కావాలి. ఒప్పుకున్నాను. ధైర్యం చేశానని అప్పట్లో స్నేహితురాళ్లు మెచ్చుకున్నారు కూడా. ధైర్యం గడపలో కూర్చున్న అవ్వది. నాది బేరం.

వైవాకు బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ అనుబంధం తెరవలేదు. నా పేరు చూసి, "ముస్లింలు అయ్యుండి తెలుగు చాలా బాగా మాట్లాడుతున్నారే!" అన్నాడు. ఎదుటివాళ్లు నొచ్చుకుంటారని ఊహకే రాని మనిషి నవ్వు నవ్వుతూ.

"మీరు కూడా బాగానే మాట్లాడుతున్నారు సార్" అన్నాను.

సార్ తల దించుకున్నాడు. నాకు సెకండ్ క్లాస్ వచ్చింది.

ఫలితాలు తెలిసిన వారం నారాయణపేట పోయి ఆ నలుగురు పిల్లల ఇళ్లు వెతికాను. రెండిళ్లకు తాళాలున్నాయి. తల్లిదండ్రులు బొంబాయి దిక్కు కూలికి పోతూ పిల్లల్ని కూడా తీసుకుపోయారని పక్కవాళ్లు చెప్పారు. మూడో ఇంటి పిల్లవాడు బీడీలు చుట్టే ఇంట్లో పనికి కుదిరాడు. నన్ను గుర్తుపట్టి లోపలికి పారిపోయాడు. నాలుగో ఇంటి తల్లి తలుపుకు అడ్డంగా నిలబడి, "మళ్ల పరీక్ష పెడ్తవా?" అని అడిగింది.

పెట్టను, బడికి పంపమని చెప్పడానికి వచ్చానన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి తలుపు వేసుకుంది. నేనైనా అదే చేసేదాన్ని.